రెండో సీసా

పోయిన వారం మనం నా బల్ల దగ్గర ఆగాం. బల్ల మీద జానెడు ఎత్తున్న ప్లాస్టిక్ సీసా, అందులో నల్లటి ఇంజన్ ఆయిలు, బల్లకి అవతల నత్త భార్య.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. నత్త అంటే ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరు. మలుపు మలుపుకీ బ్రేకు వేస్తాడనీ, వెనక పడుకున్న మనిషి ఒళ్లు కదలకుండా నడుపుతాడనీ తోటి డ్రైవర్లు వెక్కిరింపుగా పెట్టిన పేరు అది. పద్దెనిమిదేళ్లు ఆ పేరు నిలబెట్టుకున్నాడు. నెల క్రితం గుండెనొప్పి వచ్చిన ఒక టీచరుని ఎక్కించుకుని కొండదారిలో వస్తుంటే మూడో మలుపు దగ్గర ఇంజన్ పట్టేసింది. ఇంకో బండి వచ్చేసరికి యాభై నిమిషాలు గడిచాయి. టీచరు దక్కలేదు. ఆ ఇంజన్‌లోంచి తీసిన ఆయిలు పరీక్ష కోసం, బళ్ల ఆయిలు పరీక్షించే మా ల్యాబుకి వచ్చింది. పరీక్ష చేసి, 'బండిని శక్తికి మించి నడిపిన లక్షణాలు ఉన్నాయి' అని రాసి సంతకం పెట్టింది నేనే. నత్త పరుగెత్తి ఇంజన్‌ని చంపిందంటే అందరూ నమ్మడానికి ఆ ఒక్క వాక్యం సరిపోయింది.

"సాయంత్రం నాలుగింటికి విచారణ మేడమ్," అంది నత్త భార్య. బట్టలు కుట్టే మనిషి. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, భుజం మీద దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. "మా ఆయన తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి జేబులో పెట్టుకున్నాడు. అది ఇచ్చేస్తే ఇక జన్మలో అంబులెన్సు ఎక్కనివ్వరంట."

"చేయలేదని చెప్పినవాడు ఇప్పుడెందుకు ఒప్పుకుంటున్నాడు?"

"మొదట్లో నేను విరగదోలలేదు, నేను విరగదోలలేదు అని ఒకటే గోల. మీ రిపోర్టు వచ్చాక నోరు పడిపోయింది. మనిషి అబద్ధం చెప్తాడు గానీ ఆయిలు చెప్పదే, ఆ కంగారులో నా కాలు నాకు తెలియకుండానే బరువుగా పడిందేమో అంటున్నాడు. ఆ టీచరమ్మని నేనే చంపానంటున్నాడు. కంచం ముందు కూర్చుంటాడు, ముద్ద కలుపుతాడు, లేచిపోతాడు."

ఆవిడ నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. తిట్టలేదు. తన మొగుడు నమ్మినట్టే ఆవిడ కూడా నా సంతకాన్ని నమ్మింది. నాకు సిగ్గేసింది.

"ఈ సీసా ఎక్కడిది?" అన్నాను.

"మా అటక మీదిది. ఇలాంటివి ఇంకో పది ఉన్నాయి. ఆయనకదో పిచ్చి. ఆయిలు మార్చిన ప్రతిసారీ, బండి మీద అనుమానం వచ్చినప్పుడల్లా కాస్త లాగి దాస్తాడు. ఇది టీచరు పోవడానికి మూడు వారాల ముందు తీసింది. రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయని అప్పుడు ఒకటే సణుగుడు. ఆయనకి చెప్పకుండా తెచ్చాను మేడమ్. చెప్తే ఇంకా ఎందుకే, ఆయిలు చెప్పేసింది కదా అంటాడు."

సీసా మీద అతికించిన ప్లాస్టరు ముక్క మీద తేదీ, కిలోమీటర్లు నీలం సిరాతో ముత్యాల్లా రాసి ఉన్నాయి. ఆయిలు కొలిచే పుల్ల దూరే కన్నంలోకి సన్నటి సెలైన్ గొట్టం దింపి, ఇంజెక్షన్ సిరంజితో లాగుతాడట. మేము వేల ఖరీదు చేసే పంపుతో చేసే పని అదే. నా ల్యాబులో సగం మందికి లేని శ్రద్ధ ఆ మనిషికి ఉంది.

ఆయిలు చదవడం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అందదు. ఇంజన్‌లో ఏ భాగం అరిగినా ఆ పొడి ఆయిల్లోకే వస్తుంది. ఇనుము ఎక్కువుంటే సిలిండర్ గోడలో, షాఫ్టులో అరుగుతున్నట్టు. సీసం, రాగి, తగరం కలిసి కనబడితే బేరింగులు పోతున్నట్టు. మా యంత్రం చుక్క ఆయిల్ని మంటలో కాల్చి, ఆ వెలుగును బట్టి పదిలక్షల పాళ్లలో ఏది ఎన్ని పాళ్లుందో చెబుతుంది. బండిని కొండల్లో విరగదోలితే ఈ అంకెలన్నీ పైకి లేస్తాయి, ఆయిలు కాగి కాగి చిక్కబడుతుంది. నత్త బండి నుంచి వచ్చిన మొదటి సీసాలో సీసం, రాగి, ఇనుము మూడూ హద్దు దాటాయి. ఆయిలు చిక్కబడింది. ఇంకేం కావాలనుకున్నాను.

ఒక్క అంకె మాత్రం ఆ రోజే అడ్డం తిరిగింది. వేడికి కాగి చిక్కబడిన ఆయిలు గాలితో కలిసి చెడుతుంది. దాన్ని ఆక్సీకరణ అంటాం, దానికీ ఒక అంకె ఉంది. అది పెరగాలి. పెరగలేదు. ఆయిలు మార్చి ఎక్కువ రోజులు కాలేదేమోనని నాకు నేనే సర్దిచెప్పుకుని దాటేశాను. ఆ రోజు నా బల్ల మీద ఇంకా ముప్ఫై సీసాలు వరసలో ఉన్నాయి. అందరం పనిలో ఉన్నప్పుడు చేసే తప్పే అది, కానీ దాని బరువు వేరేవాళ్ల నెత్తిన పడింది.

ఆవిణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, సీసాని బాగా కుదిపి, చుక్క తీసి యంత్రానికి ఇచ్చాను. పది నిమిషాలు పట్టింది. ఇనుము కాస్త ఎక్కువ. సీసం అప్పుడప్పుడే పెరుగుతోంది. సోడియం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మూడువందల నలభై.

రేడియేటర్ నీళ్లలో తుప్పు పట్టకుండా కలిపే మందులో సోడియం ఉంటుంది. అది ఆయిల్లో తేలిందంటే నీళ్లు బయటికి కారకుండా లోపల్లోపలే ఆయిల్లోకి దిగుతున్నాయన్నమాట. నీళ్లు కలిసిన ఆయిలు కాగకుండానే చిక్కబడుతుంది, బేరింగుని కాపాడలేదు. అప్పుడు బండిని నత్తలా నడిపినా ఒకటే, గుర్రంలా నడిపినా ఒకటే. పైగా ఇది ప్రమాదానికి మూడు వారాల ముందటి ఆయిలు.

"మీ ఆయన తప్పు కాకపోవచ్చమ్మా," అన్నాను. అనకుండా ఉండలేకపోయాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శబ్దం రాకుండా ఏడ్చింది.

రిజిస్టర్లో రాసుకుందామని సీసా చేతిలోకి తీసుకున్నాను. ప్లాస్టరు ముక్క ఒక పక్క లేచి ఉంటే గోటితో సరిచేయబోయాను. దాని కింద సీసా మీద అచ్చువేసిన అక్షరాలు కనిపించాయి. సోడియం క్లోరైడ్. అది ఖాళీ సెలైన్ సీసా.

అంబులెన్సు డ్రైవరుకి సీసా కావాలంటే ఇంకెక్కడ దొరుకుతుంది? వార్డులో రోజూ బుట్టలకొద్దీ పారేసేవి అవే. ఉప్పునీళ్ల సీసాలో ఆయిలు పోసి, అందులో ఉప్పు కనిపించిందని నేను పండగ చేసుకున్నాను.

నా నోటితో ఇచ్చిన ఆశని నా నోటితోనే తీసేయాల్సి వచ్చింది. చెప్పాను.

"కడిగే ఉంటాడు మేడమ్," అంది. "ఆయన శుభ్రం మీకు తెలీదు."

"కడిగినా అడుగున ఉప్పు ఆరి అంటుకునే ఉంటుందమ్మా. నాలుగింటికి ఆ గదిలో ఎవరైనా ఈ సీసా మీద అక్షరాలు చదివితే చాలు, మన మాట అక్కడితో సరి."

"అయితే ఇందాక ఎందుకు చెప్పారు నాకు?"

ఆవిడ కళ్లు తుడుచుకుని లేచింది. సీసా ఇమ్మని చెయ్యి చాపింది, ఆయన చూడకముందే అటక మీద పెట్టేయాలంది. ఇవ్వబోయి మళ్లీ ఆగాను. సెలైన్‌లో ఉన్నది ఉప్పు ఒక్కటే. రేడియేటర్ మందు ఒక్క ఉప్పు కాదు, అందులో ఇంకా చాలా ఉంటాయి. నీళ్లే కలిసి ఉంటే సోడియం ఒంటరిగా రాదు.

"ఒక్క నిమిషం కూర్చోండి," అన్నాను.

మా యంత్రం ఇరవైరెండు మూలకాలు చదువుతుంది. రిపోర్టులో మేము అచ్చువేసేది పదిహేను. మిగతా ఏడూ ఎవరూ అడగరని, కాగితం ఒక్క పేజీలో సరిపోవాలని, నేను ఉద్యోగంలో చేరకముందే ఎవరో తీసేశారు. మా దగ్గరికి వచ్చే బళ్లన్నిటిలో పోసేది పచ్చరంగు మందు. దానికి సోడియం ఆనవాలు చాలు. అందుకని ఆ ఏడింటి వైపు ఏళ్ల తరబడి ఎవరమూ తొంగిచూడలేదు. నేను ఇప్పుడు ఆ పూర్తి జాబితా తెరిచాను. పొటాషియం తొంభై ఉంది. మామూలుగా అయిదు దాటకూడదు. సెలైన్ సీసా మీద పొటాషియం మాటే లేదు.

అప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. చేయడానికి చెయ్యి రాలేదు. నెల క్రితం నాటి మొదటి సీసా, మా ల్యాబు సొంత సీసా, ఏ ఉప్పూ తగలని సీసా, దాని పాత అంకెలు తెరిచాను. సోడియం ఏడు. అందుకే ఆ రోజు నాకు నీళ్ల అనుమానం రాలేదు. ఇంకా కిందికి జరిపాను. పొటాషియం రెండువందల పది.

ఆ అంకె ఆ రోజు కూడా అక్కడే ఉంది. ఇంజన్ వేడికి నీరు ఆవిరైపోయినా పొటాషియం ఎటూ పోదు, సాక్షిలా కూర్చుని ఉంటుంది. సంతకం పెట్టేముందు వేలితో నాలుగు వరసలు కిందికి జరిపి ఉంటే ఒక మనిషి నెల రోజులుగా తనని తాను హంతకుడని అనుకునేవాడు కాదు. రెండు జాబితాలూ అచ్చు తీసి మడిచి పట్టుకున్నాను.

"ఏమైంది మేడమ్?"

"ఈసారి తొందరపడి చెప్పను," అన్నాను. "ఒకచోట ఒక ప్రశ్న అడిగి రావాలి. మీరు మాత్రం ఆ కాగితం ఆయన జేబులోంచి బయటికి రాకుండా చూడండి. నేను వచ్చేదాకా ఎలాగైనా ఆపండి."

అడగాల్సిన ప్రశ్న చిన్నదే. ఆ బండి రేడియేటర్లో ఏ మందు పోశారు? అడగాల్సిన మనిషి ఆసుపత్రి వర్క్‌షాపు పెద్ద మేస్త్రి. ఆయన మా అన్నయ్య. నాన్న పోయాక నన్ను చదివించిందీ, ఆయిల్ని వేళ్ల మధ్య రుద్ది మంచిచెడ్డలు చెప్పడం నేర్పిందీ ఆయనే. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటాను. ఆ పొద్దున కూడా వదిన ఇచ్చిన టీ తాగి, అన్నయ్య స్కూటర్ వెనక కూర్చునే పనికి వచ్చాను.

వర్క్‌షాపు ఆసుపత్రి వెనక గోడని ఆనుకుని ఉంటుంది. భోజనాల వేళ. పనివాళ్లు నీడన టైర్ల మీద కూర్చుని డబ్బాలు విప్పుతున్నారు. అన్నయ్య ఒక్కడే ఒక పాత వ్యాను బానెట్లో తలపెట్టి ఉన్నాడు.

"ఎండలో ఎక్కడికే?" అన్నాడు. "డబ్బా మర్చిపోయావా ఏంటి?"

"ఒక మాట అడుగుదామని వచ్చాను అన్నయ్యా. రేడియేటర్లలో ఏ మందు పోస్తున్నారిప్పుడు?"

"గులాబీరంగుది. పచ్చది మానేసి ఆర్నెల్లయింది. ఇది అయిదేళ్లదాకా మార్చక్కర్లేదట."

"మాకు చెప్పలేదేం?"

"రేడియేటర్లో రంగు మారిస్తే మీ ల్యాబుకి శుభలేఖ వేయించాలా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. నా మొహం చూసి స్పానరు కింద పెట్టాడు.

అంతా చెప్పాను. పచ్చదానికి సోడియం గుర్తయితే గులాబీదానికి పొటాషియం గుర్తని, రెండు సీసాల్లోనూ అది ఉందని, మూడు వారాల్లో తొంభై నుంచి రెండువందల పదికి ఎక్కిందని. నేను ఆపగానే అన్నయ్య లోపలికి వెళ్లి బీరువాలోంచి పుస్తకం తీసుకొచ్చాడు. డ్రైవర్లు బండి లోపాలు రాసే పుస్తకం. నేను అడక్కముందే తెచ్చాడు. దాంతో నాకు సగం అర్థమైంది.

ప్రమాదానికి నెల ముందు ఆ అంబులెన్సుకి హెడ్ గాస్కెట్ మార్చినట్టు ఉంది, కింద అన్నయ్య సంతకం ఉంది. ఇంజన్ తలకాయకీ మొండేనికీ మధ్య నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పలక అది. ఆ తర్వాతి పేజీల్లో ముత్యాల్లాంటి నీలం అక్షరాలు మూడుసార్లు కనిపించాయి. 'నీళ్లు తగ్గుతున్నాయి. బయట ఎక్కడా కారడం లేదు.' మూడింటి పక్కనా ఎర్ర సిరాతో ఒకటే జవాబు. 'చూశాం. బాగానే ఉంది.'

"చూశావా?" అన్నాను.

"మూత తీసి చూశాను."

"అంతేనా?"

"పొద్దున్నే నాలుగు బళ్లు వరసలో ఉంటాయే. నత్త సంగతి తెలిసిందేగా, చక్రం కింద చీమ పడ్డా పుస్తకంలోకి ఎక్కిస్తాడు. మూడోసారి వచ్చినప్పుడు, ఆ నీళ్లు నువ్వే తాగుతున్నావేమో చూసుకోవోయ్ అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు."

"గాస్కెట్ వేసేటప్పుడు హెడ్ చదును చూశావా?"

హెడ్ వేడికి వెంట్రుకవాసి వంగినా కొత్త గాస్కెట్ నిలవదు. ఇనుప పట్టీ అడ్డంగా పెట్టి, కింద వెలుతురు దూరుతుందేమో చూడాలి. ఈ ముక్క నాకు పదేళ్ల వయసులో చెప్పింది ఆయనే.

అన్నయ్య గుడ్డముక్కతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "సాయంత్రానికి బండి కావాలని పైనుంచి ఫోను మీద ఫోను. పట్టీ పెడితే వంకర తేలుతుంది, తేలితే చదును చేయించడానికి పంపాలి, రెండు రోజులు. కంటితో చూశాను. ముప్ఫై ఏళ్ల కన్ను కదా అనుకున్నాను. బిగించేశాను."

"నాలుగింటికి వెళ్లి నేను ఇది చెప్పాలి అన్నయ్యా."

"నిన్నెవరు అడిగారు? ఒకసారి రాసిచ్చావు, అయిపోయింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకి దురద లేదని నీకెవరు చెప్పారు? ఆ మనిషి అన్నం మానేశాడు. నేనే చంపానని కాగితం రాసుకుని తిరుగుతున్నాడు."

"ఇస్తే ఏం చేస్తారు? అంబులెన్సు నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెడతారు. నా సంగతి అలా కాదు. ఒక ప్రాణం తెచ్చి నా చేతుల మీద పెడతారు. తెలుస్తోందా నీకు?"

"ఆ ప్రాణం ఇప్పుడు అతని చేతుల మీద ఉంది. తెచ్చి పెట్టింది మనిద్దరం."

ఆయన మొహం నల్లబడింది. "ఇందుకేనా నిన్ను చదివించింది?" అన్నాడు. అన్నాక ఆ మాటకి తనే సిగ్గుపడ్డట్టు బానెట్ వైపు తిరిగిపోయాడు.

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన కోసం అంతకు రెండింతల భయం వేసింది. "ఆ పుస్తకం నాకిస్తావా?" అని మాత్రం అడిగాను.

"అది వర్క్‌షాపుది. బయటికి వెళ్లదు." పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. "నువ్వు వెళ్లు. టైమవుతోంది."

నాలుగింటికి ఆసుపత్రి మూడో అంతస్తు గదిలో విచారణ మొదలైంది. విచారణ చేసే ఆఫీసరమ్మ బయటి నుంచి వచ్చిన మనిషి. తెల్లజుట్టు, తక్కువ మాటలు. కిటికీ పక్కన టీచరు కొడుకు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నత్త భార్య గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చివరి వరసలో మా అన్నయ్య ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు, ఒళ్లో గుడ్డసంచీ. ఆ సంచీలో పుస్తకం ఉందో లేదో నాకు తెలియదు.

నేను లోపలికి అడుగుపెట్టేసరికే నత్త లేచి నిలబడి కాగితం విప్పాడు. ఆపలేకపోయానని అతని భార్య నావైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నా వాహనాన్ని నేను శక్తికి మించి నడపడం వల్ల..." అని చదివాడు నత్త. గొంతు వణకలేదు. పాఠం అప్పజెప్పినట్టు చదువుతున్నాడు. ఆ వణకకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

"మేడమ్, ఆయన చదవక్కర్లేదు," అన్నాను. "ఆ మాట నా రిపోర్టులోంచి వచ్చింది. నా రిపోర్టు తప్పు."

గది అంతా నా వైపు తిరిగింది. ఆఫీసరమ్మ కళ్లజోడు పైకి తోసుకుంది. "ముందుకి రండి."

రెండు సీసాలూ బల్ల మీద పెట్టి మొదలుపెట్టాను. రెండోది సెలైన్ సీసా అని, అందులో తేలిన సోడియాన్ని లెక్కలోంచి తీసేయమని నేనే చెప్పాను. మిగిలిన పొటాషియం గురించి చెప్పాను. అది మొదటి సీసాలోనూ ఉందని, మా పాత అలవాటు వల్ల కాగితం మీదికి రాలేదని, నేను వెతకలేదని చెప్పాను. బాగా కాగిన ఆయిల్లో ఉండాల్సిన ఆక్సీకరణ మొదటి సీసాలో లేదని, అది చూసి కూడా దాటేశానని ఒప్పుకున్నాను. ఆఫీసరమ్మ నాలుగు ప్రశ్నలు వేసింది, నాలుగూ సూటివి. జవాబులు రాసుకుంది.

నత్త ఇంకా నిలబడే ఉన్నాడు. కాగితం చేతిలో నలిగిపోతోంది. "అంటే..." అన్నాడు నెమ్మదిగా. "నేను విరగదోలలేదా మేడమ్?"

"లేదు. మీరు ఎలా నడిపినా ఆ ఇంజన్ ఎక్కడో ఒకచోట ఆగిపోయేదే. మీరు నడిపారు కాబట్టే మూడో మలుపుదాకా అయినా వచ్చింది."

అతను కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నెల రోజులుగా దాచుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. అతని భార్య వచ్చి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. కిటికీ దగ్గర టీచరు కొడుకు కట్టుకున్న చేతులు విప్పాడు. నా గుండెల మీద ఉన్న బరువు కొంచెం దిగింది. ఎంత తొందరపడ్డానో ఆ తర్వాతి ప్రశ్నతో తెలిసింది.

"నీళ్లు ఆయిల్లోకి ఎలా వచ్చాయి?" అంది ఆఫీసరమ్మ.

"హెడ్ గాస్కెట్ నిలవలేదు మేడమ్."

"ఎవరు వేశారు?"

వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు. "వర్క్‌షాపు పెద్ద మేస్త్రి."

ఆవిడ ఫైల్లో రెండు కాగితాలు తిప్పింది. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టుకుని చూసింది. "ఆయన ఇంటి చిరునామా, మీ ఇంటి చిరునామా ఒకటే ఉందే?"

"మా అన్నయ్య."

ల్యాబులో అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దాచాలని కాదు. కానీ ఆ గదిలో ఆ మాట పడేసరికి దాచిన మాటలాగే వినిపించింది.

ఆఫీసరమ్మ కలం పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "మీ మొదటి రిపోర్టులో మేస్త్రి తప్పు ఎక్కడా లేదు. డ్రైవరు తప్పు మాత్రమే ఉంది. రాసింది మేస్త్రి చెల్లెలు. డ్రైవరు ఇంటి నుంచి ఇంకో సీసా బయటికొచ్చిన రోజునే మీకు పొటాషియం గుర్తొచ్చింది. అంతేనా?"

"అది నా పొరపాటు మేడమ్. కావాలని చేసింది కాదు."

"ఆ అంకె మీ యంత్రంలో నెల నుంచీ ఉందని మీరే చెప్పారు. చూడలేదా, చూసి దాచారా?"

నత్త మొహం మీద నుంచి చేతులు తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇందాకటి దాకా నా మాటకి చెమ్మగిల్లిన ఆ కళ్లే ఇప్పుడు నా మొహంలో దేన్నో వెతుకుతున్నాయి. అతను కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"చెప్పండి మేడమ్," అన్నాడు. "మీకు ముందే తెలుసా?"